వట్టి ఉప్పే

వేలు కదిలింది. కుడిచేతి చూపుడు వేలు. నేనూ చూశాను, మా ఆయన తెత్సుజీ చూశాడు, చూడలేదని ఇద్దరిలో ఎవరం బుకాయించలేం. దుప్పటి మీద ఊరికే పడి ఉన్న చెయ్యి, నా కూతురు హొనామి చెయ్యి, ఉన్నట్టుండి మణికట్టు దగ్గర కొంచెం లేచింది, వేలు ముడుచుకుంది, మళ్ళీ చాపుకుంది. అంతే. తెత్సుజి లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. "చూశావా కిసాకో! చూశావా! పిల్ల బతికుందే! బతికున్న పిల్లని పట్టుకుని పోయిందంటారా వీళ్ళు!" పడవ మీద గాలితో పోటీపడి అరిచి అరిచి బండబారిన గొంతు అది, ఈ ఆసుపత్రిలో ఎవరూ అలా అరిచి ఉండరు. నర్సు పరుగెత్తుకొచ్చింది. వెనకాలే డాక్టరు సెగావా. మా హొనామి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, కళ్ళ కింద నల్లగా నిద్రలేమి. ఇది వెన్నుపాము చేసే పని, మెదడుది కాదు, ఇలా ఒక్కోసారి జరుగుతుంది అని, మనిషి మనిషికి చెప్పినట్టే, మెల్లగా చెప్పింది. ఆయన వింటేగా! పొద్దున పిల్ల అవయవాలు ఇవ్వడానికి సరేనని తలూపిన మనిషి ఇప్పుడు మంచానికి అడ్డంగా నిలబడి, ఆపెయ్యండి, మొత్తం ఆపెయ్యండి, నా పిల్ల మీద కత్తి పెట్టనివ్వను అన్నాడు. మీరు ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేస్తాం అంది ఆమె. మెదడు పోయిందని తేల్చడానికి రెండుసార్లు చూడాలి, ఒకటి అయింది, రెండోదానికి ఇంకో గంట ఉంది, అప్పుడొస్తాను, ఈలోగా ఇద్దరూ మాట్లాడుకోండి అని తలవంచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసింది. నన్నెందుకు చూడడం? నాకేం తెలుసని? నాకు తెలుసని ఆమెకెవరు చెప్పారు?

తెలుసు. అదే నా ఖర్మ. ఆ వేలు ఎందుకు కదిలిందో ఈ హకొదాతే రేవు ఊళ్ళో నాకు తెలిసినట్టు ఏ తల్లికీ తెలిసి ఉండదు, తెలియకుండా ఉంటే ఎంత బాగుండేది, నేనూ ఆయనలాగే కుర్చీ పడేసి గంతులు వేసేదాన్ని, నర్సు కాళ్ళు పట్టుకునేదాన్ని. కిటికీ అవతల మంచు పడుతోంది. కింద ట్రాము గంట కొట్టుకుంటూ పోతోంది, దాంట్లో జనం టోపీలు పెట్టుకుని, ఫోన్లు చూసుకుంటూ, ఎవరి పనుల మీద వాళ్ళు. ఈపాటికి పొద్దుటి బజారు కట్టేసి ఉంటారు. ఎదురు కొట్టు తోకి అక్క తన పీతల తొట్లతోపాటు నా తొట్టీ కడిగి ఉంటుంది, మిగిలిన పదికాళ్ళ స్క్విడ్లని ఏం చేసిందో, తను పీతలదే కానీ స్క్విడ్ని పట్టుకోవడం రాదు ఆవిడకి, అవి చిమ్మే నల్లసిరా మొహాన కొట్టించుకుంటుంది. ఛీ, ఏం ఆలోచిస్తున్నాను నేను. నా కూతురు ఇక్కడ ఇలా పడి ఉంటే నాకు తొట్టి గుర్తొస్తోంది. తొట్టి కాదు, సోయా సీసా గుర్తొస్తోంది. ఎంత తప్పించుకుందామన్నా అక్కడికే వస్తోంది మనసు. వేలు కదిలిన తీరు చూడగానే ముందు నా చేతికి గుర్తొచ్చింది ఆ సీసా.

మా కొట్లో ఎక్కువగా పోయేది ఆడే స్క్విడ్ గిన్నె. ఎక్కడెక్కడి నుంచో దానికోసమే వస్తారు. తొట్లో ఈదుతున్న స్క్విడ్ని వాళ్ళ కళ్ళముందే తీసి, కోసి, ఒంటిని సన్నటి దారాల్లా తరిగి పక్కన పెట్టి, కాళ్ళ గుత్తిని మాత్రం అన్నం మీద నిలబెట్టి ఇస్తాను. ప్రాణం పోయింది, తల కోసేశాను, ఇంకేం లేదు. అప్పుడు సీసా వంచి ఉప్పటి సోయా రసం పోస్తాను. అంతే, కాళ్ళు లేస్తాయి. మెలికలు తిరుగుతాయి, గిన్నె అంచు పట్టుకుంటాయి, గిన్నెలోంచి దిగి పోదామన్నట్టు పాకుతాయి. చర్మం మీద చుక్కలు ఎర్రగా విచ్చుకుని ముడుచుకుంటాయి. జనం కెవ్వుమంటారు, నవ్వుతారు, ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. చిన్నపిల్లలు మాత్రం ఏడుస్తారు. ప్రతిరోజూ ఒక్కరైనా ఏడుస్తారు. వాళ్ళకోసం నా దగ్గర ఒక మాట ఉంది. వంగి, మొహం వాళ్ళ మొహానికి దగ్గరగా పెట్టి, కొంచెం రాగం తీస్తూ చెప్తాను. "ఏడవకు బంగారం. దానికి నొప్పి లేదు. అది ఎప్పుడో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇది వట్టి ఉప్పే." పిల్లలు ముక్కు ఎగబీల్చి ఆగిపోతారు. తోకి అక్క అవతల నుంచి వెక్కిరిస్తుంది, "కిసాకో మొదలెట్టిందమ్మా జోలపాట, ఇక మా పీతలు కూడా నిద్రపోతాయి" అని. ఎన్ని వందల మందికి చెప్పానో ఆ మాట. మొదట చెప్పింది మాత్రం హొనామికే.

అప్పుడు దానికి గల్లా బల్ల అందేది కాదు, చేపల పెట్టె బోర్లించి ఎక్కి నిలబడేది. గిన్నెలో కాళ్ళు లేవడం చూసి ఏడ్చిన ఏడుపు బజారంతా వినపడింది, దానికి నొప్పి పుడుతోందమ్మా, ఆపమ్మా అని నా చెయ్యి పట్టుకు లాగింది, సోయా సగం నా గౌను మీద, సగం ఎవరో పెద్దమనిషి బూట్ల మీద. ఏం చెప్పాలో తోచక అప్పటికప్పుడు నోటికొచ్చింది అన్నాను. వాళ్ళమ్మ దగ్గరికి అన్నానో లేదో ఠక్కున ఏడుపాపింది. "వాళ్ళమ్మ ఎక్కడుంది?" "సముద్రంలో." "మరి కాళ్ళు ఇక్కడే మర్చిపోయిందా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. దాని మొహంలో నవ్వు లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. మొండిఘటం. ఆ ప్రశ్న అలాగే పట్టుకుని పెద్దదయింది, చదివింది, చదివింది, ఊళ్ళోనే ఉన్న మత్స్యశాస్త్రం కాలేజీలో చేరి అదే పని పెట్టుకుంది. స్క్విడ్ నరాలు. ప్రపంచంలో ఏ జంతువుకీ లేనంత లావు నరాలు స్క్విడ్కి ఉంటాయట, కంటికి కనపడేంత, సేమ్యా పోగంత. నేను ఇన్నేళ్ళు వాటిని గోటితో పీకి పారేశాను. నా కూతురు వాటిని అద్దం కింద పెట్టి దేవుణ్ణి చూసినట్టు చూసేది.

ఆయన హొనామి చెయ్యి పట్టుకుని మాట్లాడుతున్నాడు. మంచుబూట్లు కూడా విప్పలేదు, ఇది పడిపోయిందని రేడియోలో కబురందితే వల వదిలేసి తిరిగొచ్చిన మనిషి, అప్పటి నుంచి ఆ బట్టలే, గదంతా మా పడవ వాసన. జేబులో పెట్టుకునే వేడిసంచి తీసి దాని అరచేతిలో పెట్టి వేళ్ళు మూస్తున్నాడు. "చేతులు చల్లబడితే కదపడం కష్టం తల్లీ. రాత్రిళ్ళు పడవ మీద వేట దీపాల కింద నాకూ అలాగే అయ్యేది. ఇంకోసారి కదుపు. మెల్లగా కదుపు, తొందరేం లేదు. నాన్న ఇక్కడే ఉన్నాడు." చెయ్యి చల్లగా లేదు, వెచ్చగానే ఉంది. మిషను ఊపిరి పోస్తోంది, గుండె దాని పాటికి అది కొట్టుకుంటోంది, బుగ్గలు కూడా చలిలో నడిచొచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి. తలలో నెత్తురు గడ్డకట్టి లోపలంతా పోయిందంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. నమ్మకపోదును.

తెల్లవారుజామున కొట్టుకి వచ్చేది హొనామి, బజారు ఇంకా సగం తెరవకముందే, పెద్ద డబ్బాలో సముద్రపు నీళ్ళు పట్టుకుని. బతికున్న స్క్విడ్లే కావాలి దానికి, కొంచెం నీరసించినవి ఇచ్చినా పట్టేసేది. "అమ్మా, దీని కళ్ళు చూడు, ఇది సగం చచ్చింది. కన్నకూతుర్నే మోసం చేస్తావా?" అనేది. తోకి అక్క నవ్వేది. ఏం తిన్నావే అని అడిగితే తిన్నానులే అనేది, తినలేదని నాకు తెలిసి రొయ్యల సూపు గిన్నె దాని చేతిలో పెట్టేదాన్ని, నిలబడే ఊదుకుంటూ తాగేది, తాగుతూ నా బుర్ర తినేసేది. "నరం నరాన్ని తాకదమ్మా, తెలుసా? అందరూ తీగలాగా కలిసి ఉంటాయనుకుంటారు. కలవవు. మధ్యలో ఎడం ఉంటుంది, వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నం." మరి కబురు ఎలా పోతుందే అన్నాను, నాకేం పట్టి కాదు, అది కాసేపు ఉంటుందని. "నీకూ తోకి పెద్దమ్మకీ మధ్యలో దారి లేదూ? ఆవిడకి సోయా అయిపోతే నువ్వు ఇక్కడి నుంచి చెయ్యి చాపి అందిస్తావు, ఆవిడ అందుకుంటుంది. అలాగే. ఈ నరం చివర ఏదో మందు చుక్కలు చుక్కలుగా ఒలుకుతుంది, అవతలి నరం రుచి చూస్తుంది, ఓహో ఇదా సంగతి అని లేచి పరుగెడుతుంది. వెంటనే ఆ చుక్కల్ని తుడిచెయ్యాలి. లేకపోతే చెప్పిందే చెప్తూ ఉంటుంది, నీలాగ." తుడిచేవాళ్ళెవరు అన్నాను. "ఉంటారు. నీలాగే చేతిలో తడిగుడ్డ పట్టుకుని." ఇంత చిన్న ఎడానికి ఇంత చదువా అని నేను వెటకారం చేశాను. అప్పుడు గిన్నె దించి నా వైపు చూసింది. "నువ్వు నన్ను ఎత్తుకున్నా, తిట్టినా, నాన్న పడవ రాలేదని గుమ్మంలో నిలబడి ఏడ్చినా, అన్నీ ఆ ఎడం దాటాల్సిందేనమ్మా. నేను నీకు తెలిసేది కూడా అందులోంచే" అంది.

ఆ పొద్దున నా తడిగుడ్డ బల్ల మీద ఎంతసేపు ఉందో నాకు గుర్తులేదు. ఇంటికెళ్ళాక ఆయనకి చెప్పబోయాను, సగంలో మర్చిపోయాను, చుక్క ఒలుకుతుందటయ్యా అన్నాను, దేంట్లోంచే అన్నాడు, నాకేం తెలుసు నీ కూతుర్ని అడుగు అన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం. మా ఇద్దరిలో ఎవరికీ లేని తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికి. ఆ తెలివంతా ఇప్పుడు ఎక్కడికి పోయినట్టు? చుక్కలన్నీ ఒక్కసారే ఒలికిపోయాయా, లేక ఒలికించేవాళ్ళే లేరా? ఎవర్ని అడగను, చెప్పేది అదే కదా, ఏ సందేహం వచ్చినా దానికే ఫోను చేసేదాన్ని.

నా మాటని కూడా దిద్దింది అది. వట్టి ఉప్పే అనకమ్మా, అన్యాయం అంది. ఉప్పు వచ్చి తలుపు తడుతుందంతే. లోపల నరాలు ఇంకా పనిలోనే ఉంటాయి, పైనుంచి కబురొచ్చిందనుకుంటాయి, చుక్క ఒలికిస్తాయి, కండ వింటుంది, కాలు లేస్తుంది. పాపం వాటికి తెలియదు, పైన ఎవరూ లేరని. అయితే బతికున్నట్టా లేనట్టా చెప్పవే సూటిగా అని నేను కసిరాను. "నరం బతికుందమ్మా. స్క్విడ్ లేదు." సూపు గుటక వేసి, డబ్బా ఎత్తుకుని, మంచులో కిర్రు కిర్రుమని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నరం బతికుంది, స్క్విడ్ లేదు. ఆ రోజు ఇది నా చెవికి ఎక్కలేదు, నాకెందుకు ఎక్కాలి, బల్ల తుడుచుకుంటూ నిలబడ్డాను. ఇప్పుడు దాని గొంతే నా చెవిలో హోరెత్తుతోంది. నరం బతికుంది. నా తల్లే, నువ్వే చెప్పాలా ఈ మాట నాకు, నీ నోటితో నువ్వే చెప్పి పెట్టి వెళ్ళాలా!

నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయింది? డాక్టరమ్మ వస్తుంది, ఆయన వద్దంటాడు, నేను తల దించుకుంటాను, వాళ్ళు ఆపేస్తారు. బలవంతం చెయ్యరు, మంచివాళ్ళే. మిషను నడుస్తుంది. ఇంకా కొన్నాళ్ళు, గుండె తనంతట తాను అలిసిపోయేదాకా, ఈ వెచ్చని చెయ్యి పట్టుకోవచ్చు, జుట్టు దువ్వొచ్చు. వేలు మళ్ళీ కదులుతుంది, ఆయన మళ్ళీ ఆశ పడతాడు, నేను మళ్ళీ చూడనట్టు ఉంటాను. ఎవరికి నష్టం? ఉంది నష్టం, ఎందుకు లేదు, ఎక్కడో ఎవరి పిల్లో ఇలాగే మంచం మీద గుండె కోసమో కాలేయం కోసమో ఎదురుచూస్తూ ఉంది, వాళ్ళమ్మ కూడా కిటికీలోంచి మంచునే చూస్తూ ఉంది. ఉండనీ, నాకేం, నేనెరగను వాళ్ళని. అంత మంచిదాన్ని కాను నేను. నా కడుపు కోత నాది. కానీ హొనామి అంది కదా. పోయిన వేసవిలో, కొట్లోనే, ఎవరో ఇలా పోయారని టీవీలో వస్తుంటే, నోట్లో ఊరగాయ ముక్క పెట్టుకుని అంది. "నాకేమన్నా అయితే తాజాగా ఉన్నప్పుడే ఇచ్చెయ్యమ్మా. నన్ను ఎండబెట్టి దండెం మీద వేలాడదీసుకోకు. తాజా సరుకు పాడుచేసే రకం కాదుగా నువ్వు." తడిగుడ్డ పెట్టి కొట్టాను దాన్ని, వీపు మీద ఫట్టుమని. నోరు పడిపోను, ఏం మాటలే అవి అన్నాను. పక్కన గాలాలు సర్దుకుంటున్న తెత్సుజి కిసుక్కున నవ్వాడు. విన్నాడు ఆయన కూడా. విన్నాడు, నవ్వాడు, ఇప్పుడు వినలేదన్నట్టు ఉన్నాడు.

మొన్న కాలేజీ నుంచి ఫోను వచ్చినప్పుడు కూడా నా చేతిలో సోయా సీసానే. తొట్టి పక్కన పడిపోయిందండీ, లేపితే లేవడం లేదు అని ఎవరో అబ్బాయి ఏడుస్తున్నాడు, ఇటు గిన్నెలో కాళ్ళు లేచి ఆడుతున్నాయి, జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ పొద్దున నేనిచ్చిన స్క్విడ్లు తొట్లో ఇంకా ఈదుతూనే ఉన్నాయట. అవి బతికే ఉన్నాయి.

మళ్ళీ కదిలింది. ఈసారి వేలే కాదు, చెయ్యి మోచేతి దాకా సన్నగా వణికింది, అరచేతిలో వేడిసంచి జారి దుప్పటి మీద పడింది. తెత్సుజి అరవలేదు. ముందుకు వంగి, "హొనామీ" అన్నాడు ఒక్కసారి. చెయ్యి పడిపోయింది. ఎంతసేపు చూశాడో దాన్ని. తర్వాత నా వైపు తిరిగాడు. ఈ ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మొహం అలా చూడలేదు నేను, తుఫానులో పక్క పడవ మునిగిన రోజు కూడా చూడలేదు.

"నువ్వెందుకే లేవలేదు?" అన్నాడు.

నేను దుప్పటి అంచు సర్దాను.

"రెండుసార్లూ లేవలేదు. నేను అరుస్తుంటే కూడా నువ్వు కూర్చునే ఉన్నావు. నీ మొహం చూశానే కిసాకో. కొట్లో గిన్నె పెట్టేటప్పుడు ఉంటుందే, ఆ మొహం."

"కాదయ్యా..."

"అబద్ధం ఆడకు. నాకు తెలియదనుకున్నావా? పట్టి తెచ్చేది నేను. పడవ మీద ఎన్నిటిని కోశాను, ఉప్పునీళ్ళు పడి ఎన్ని లేచి ఆడలేదు నా కాళ్ళ దగ్గర." ముక్కు తుడుచుకున్నాడు, పెద్ద చేతి వెనకవైపుతో, చిన్నపిల్లాడిలాగ. "తెలుసే నాకు. మొదటిసారి కదిలినప్పుడే తెలుసు. నాకు నేను చెప్పుకోలేకపోతున్నా. నువ్వు చెప్పు. ఏడ్చే పిల్లలందరికీ చెప్తావు కదా ఊళ్ళో. నాకూ చెప్పు."

ఎలా చెప్పను? లేచాను, లేచి మంచం చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వెళ్ళాను, పడిపోయిన కుర్చీ ఇంకా అలాగే ఉంది, దాన్ని కాలితో పక్కకి నెట్టాను. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు కాబట్టి వంగాల్సి వచ్చింది. మొహం మొహానికి దగ్గరగా పెట్టాను. గడ్డం మీద ఉప్పు తెల్లగా కట్టి ఉంది, సముద్రానిదో కన్నీళ్ళదో. బయట నడవాలో అడుగుల చప్పుడు, డాక్టరు సెగావాదే అయి ఉంటుంది, గంట అయిపోయింది. నోరు తెరిస్తే నా గొంతు దానంతట అదే రాగం తీసింది, అలవాటైన గొంతు, దాన్ని ఆపడం నా వల్ల కాలేదు.

"ఏడవకు బంగారం. దానికి నొప్పి లేదు. అది ఎప్పుడో వాళ్ళమ్మ..."

అక్కడ ఆగిపోయాను. ఇన్నేళ్ళలో ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఆయన తలెత్తి నా కళ్ళలోకి చూస్తూ ఉన్నాడు, మిగతాదాని కోసం. తలుపు తెరుచుకుంది, ఎవరో లోపలికి రాబోయి గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను హొనామి చెయ్యి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. ఆ వేళ్ళు నా వేళ్ళని తాకుతున్నాయి, నడుమ ఏ ఎడమూ లేదు, అయినా అవతల నుంచి ఏమీ రావడం లేదు.

"వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది" అన్నాను. "ఇది వట్టి ఉప్పే."